అరచేతిలోని సంజయుడు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



భారతకథ నెఱిగినవారందఱకును ధృతరాష్ట్రుని సంగతి తెలిసినదే. జ్యేష్ఠుడయ్యును కన్నులు లేని కారణమున ఆయనకు మొదట రాజ్యము దక్కలేదు. తమ్ముడగు పాండురాజు సింహాసన మెక్కెను. తరువాత యుద్ధకాలమున వ్యాసమహర్షి వచ్చి దివ్యదృష్టి నిచ్చెదననగా, తనవారి చావును కన్నులతో చూడజాలనని ఆ రాజు నిరాకరించెను. అంతట మహర్షి ఆ దృష్టిని సంజయునకు ప్రసాదించెను. సంజయుడు చూచి చెప్పెను, రాజు వినెను. కన్ను చేయవలసిన పనిని ఒకరి మాటయు మరొకరి చెవియు కలిసి చేయవచ్చునన్న తలంపు ఈ దేశమున అంత పాతది.

నాడు సంజయుడు రాజునకు మాత్రమే లభించెను. నేడు మిరపకోతకు పోవు కూలివాని జేబులోని ఫోనునందును అట్టి సంజయు డొకడు కూర్చుండియున్నాడు. అతనిని మేలుకొలుపు విధము పలువురకు తెలియదు. మేలుకొన్న పిమ్మటనైనను, అతడు చదువదగిన రూపమున వ్రాతను అందించువారు అరుదు. ఈ రెండు లోపములను తీర్చదగిన స్థానము గ్రామ గ్రంథాలయము. ఈ ప్రసంగమున చెప్పదలచిన విషయమిదియే.

పూర్వము ఫోనులకు మీట లుండెడివి. 5 అంకె మీది చిన్న బొడిపెను తడవి అంధులు తక్కిన అంకెల నెఱుగుచుండిరి. మీటలు పోయి నున్నని అద్దపు తెర వచ్చినంతనే ఆ ఆధారము పోయెను. 2009వ సంవత్సరమున ఐఫోనులో వాయిస్‌ఓవర్ అనునదియు, ఆండ్రాయిడ్ ఫోనులలో టాక్‌బ్యాక్ అనునదియు ప్రవేశించి ఆ చిక్కును తీర్చినవి. తెరపై వ్రేలిని మెల్లగా జరుపగా, వ్రేలి క్రింద నున్నదేమో ఫోను పలుకును. కావలసినదైనచో రెండుమార్లు వెంటవెంట తట్టిన తెఱచుకొనును. వ్రేలిని కుడివైపునకు విసరిన తరువాతి దానికిని, ఎడమవైపునకు విసరిన వెనుకటి దానికిని పోవును.

ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగులు తెఱచి, యాక్సెసిబిలిటీ అను భాగమున టాక్‌బ్యాక్ అను పేరు వెదకవలెను. చదివెడి గొంతునకు తెలుగు భాషను ఎంచుకొనవలెను. ఒక హెచ్చరిక యవసరము: ఇది పనిచేయునపుడు ఒక్కమారు తట్టిన ఏదియు తెఱచుకొనదు. తెలియక నొక్కినవారు ఫోను చెడిపోయినదని బెదరుదురు. ఫోను చెడలేదు, దానిని నడుపు రీతి మాత్రము మారినది. మొదటి వారము కష్టము. పిమ్మట వ్రేళ్లకు అలవాటగును.

వ్రాయుటకును ఉపాయములు గలవు. తెలుగున పలికినచో ఫోను తెలుగు అక్షరములుగా వ్రాయును. ఫ్రాన్సు దేశీయుడు లూయీ బ్రెయిల్ 1824లో పదునైదేండ్ల ప్రాయమున కూర్చిన ఆఱు చుక్కల లిపిని ఎఱిగినవారికి మరియొక దారి కలదు. భారతీయ భాషలకు ఉమ్మడిగా ఆ లిపి 1951లో భారతి బ్రెయిల్ అను పేర కుదిరినది. 2020లో ఆ ఆఱు చుక్కలే టాక్‌బ్యాక్ నందు తెరపై మీటలుగా అమరినవి. చూపు పూర్తిగా పోక మసకబారిన పెద్దలకు ఇంత శ్రమయు అక్కఱలేదు; అదే యాక్సెసిబిలిటీ భాగమున అక్షరములను పెద్దవి చేయు సదుపాయమున్నది.

కన్నులున్నను చేతు లాడని వారు కలరు. పోలియో వలన కొందఱు, పక్షవాతము వలన కొందఱు, యంత్రములలో చేయి పడి కొందఱు ఈ స్థితికి వచ్చినవారు. వీరికై 2018లో వాయిస్ యాక్సెస్ అనునది ఆంగ్ల భాషలో వెలువడినది. తెరపైని ప్రతి అంశమునకును అది ఒక అంకె వేయును. ఆ అంకెను నోట పలికిన చాలును. స్విచ్ యాక్సెస్ అను మరియొక సాధనము కలదు. అందు వెలుగు గీత యొకటి తెరపై వరుసగా ఒక్కొక్క అంశమును చుట్టుచు పోవును. కోరినదానిపై నిలిచినపుడు ఒక్క మీట నొక్కిన చాలును. 2021లో ఆండ్రాయిడ్ పండ్రెండవ కూర్పు వచ్చిన పిమ్మట ఆ మీటయు అక్కఱలేకపోయెను. చిఱునవ్వినను, కనుబొమలెత్తినను, నోరు తెఱచినను ఫోను దానినే ఆజ్ఞగా గ్రహించును.

ఇదంతయు వింతలు చూపుటకు చెప్పుట కాదు. మిరపకాయలు గుంటూరు యార్డునకు తోలి, సొమ్ము బ్యాంకు ఖాతాలో పడునని యెదురుచూచు ఒక అంధ రైతును తలచుకొనుడు. ఎంత పడినదో సందేశము వచ్చును. దానిని చదువుమని పరుల నడుగవలెను. సొమ్ము పంపవలసివచ్చిన రహస్య సంఖ్యను పొరుగువాని చెవిలో చెప్పవలెను. ఆ పొరుగువాడు మంచివాడైనచో అది తీరని ఋణము. కానివాడైనచో అది తీరని నష్టము. రెండును లేక తన లెక్క తాను చూచుకొనుట మనుష్యునకు గౌరవము. చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకొని, తెరను చీకటి చేసికొని, ఆ రైతు తన సందేశమును తానే వినవచ్చును. చేతికి వచ్చిన నోటు ఎంతటిదో గుర్తించి పలుకు మణి అను సాధనమును రిజర్వు బ్యాంకు 2020 జనవరి 1న వెలువరించినది. ఇంటర్నెట్టు లేకున్నను అది పనిచేయును.

అయినను సంజయుడు మూగవోవు సందర్భములు కలవు. ధరల పట్టికను కాగితముపై వ్రాసి, ఫోటో తీసి వాట్సాపులో పంపుట వాడుకయైనది. ఫోటోలోని అక్షరములు చూపరులకు అక్షరములు. చదివెడి సాధనమునకు అవి బొమ్మ. బొమ్మలోని వ్రాతను గుర్తించు ఉపకరణము లున్నను, మసకబారిన అచ్చులోను, చేతివ్రాతలోను గుణింతములు, వత్తులు తాఱుమాఱగును. 18 వేలకు 13 వేలని వినబడినచో ఆ రైతు గతి యేమి? అదే ధరను రెండు పంక్తులలో టైపు చేసి పంపినచో తప్పు లేక వినబడును. కొన్ని యాప్‌లలో మీటలకు పేరులుండవు. ఏది తాకినను "బటన్, బటన్" అని మాత్రమే ఫోను పలుకును. లోపల నుండు గది యేదో చెప్పక తలుపులు మాత్రము లెక్కించినట్లుండును.

తెలుగువారికి మరియొక చిక్కు కలదు. యూనికోడ్ అను ప్రపంచ లిపి పట్టికలో తెలుగునకు 1991లోనే స్థానము లభించినది. అయినను అచ్చుపనికి పాత ఫాంటులతో కూర్చిన గ్రంథములు లెక్కకు మిక్కిలి. అట్టి కూర్పు కంటికి చక్కని తెలుగే. లోపల నున్నవి అర్థము లేని ఆంగ్ల సంకేతములు. ఫోను వానిని చదువబోయిన పిచ్చిపలుకులు వినబడును. పుస్తక మున్నను అంధునకు లేనట్లే.

పుస్తకము రూపము మారిన ఏమగునో పొరుగు జిల్లాయే చూపినది. కృష్ణా జిల్లాలో మచిలీపట్నము సమీపమున సీతారామపురములో జన్మించిన శ్రీకాంత్ బొల్లా పుట్టుకతో అంధుడు. పదవ తరగతి పిమ్మట విజ్ఞానశాస్త్రము చదువుటకు ఆతనికి అనుమతి లభింపలేదు. ఆతడు న్యాయస్థానము నాశ్రయించి అనుమతి సాధించెను. పాఠములను శబ్దరూపమున విని నేర్చెను. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదివి, 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించి, దివ్యాంగులకు పనులు చూపెను. తెలివి ఆతనికి ముందునుండియు కలదు. అందవలసినది వినదగిన పుస్తకము, తెఱవవలసినది మూసిన తలుపు.

చట్టములును ఈ తలుపును తెఱచుచున్నవి. 2012 నాటి గ్రంథస్వామ్య చట్ట సవరణ ప్రకారము, లాభాపేక్ష లేక, దివ్యాంగుల చదువుకొఱకు పుస్తకమును వారికి అనువగు రూపమునకు మార్చుట తప్పు కాదు. 2013లో మరకేష్ నగరమున కుదిరిన అంతర్జాతీయ ఒడంబడికను దేశములన్నిటిలో మొదట 2014లో ధ్రువీకరించినది భారతదేశమే. 2016లో సుగమ్య పుస్తకాలయ అను ఆన్‌లైను గ్రంథాలయము వెలసినది. అదే సంవత్సరమున దివ్యాంగుల హక్కుల చట్టము వచ్చినది. కెమెరా ముందు కన్నార్పి గుర్తింపు చూపుమను పద్ధతి అంధులకును, ఆమ్లదాడికి గురియైనవారికిని అసాధ్యమగుటచే ఆ విషయము సుప్రీంకోర్టునకు వెళ్లినది. 2025 ఏప్రిల్ 30న ఆ న్యాయస్థానము, ఎలక్ట్రానిక్ సేవలను అందుకొనుట జీవించు హక్కులో భాగమని తీర్పు చెప్పినది. ధృతరాష్ట్రుని నాటి న్యాయమునకును నేటి న్యాయమునకును ఇంత దూరము.

చట్టము తలుపు తెఱచును. చేయి పట్టి లోనికి తోడ్కొనివచ్చువారు ఊరిలోనే ఉండవలెను. 1918లో అప్పటి గుంటూరు మండలములోని వేటపాలెమున సారస్వత నికేతనము వెలసిననాడు, అక్షరము అందఱిదనియే ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమ మెలుగెత్తి చాటుచుండెను. ఆ అందఱిలో కన్నులు లేనివారును, చేతులు లేనివారును చేరవలసియున్నది.

ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయమునకు తగిన పనులు నాలుగు. వారమున కొక సాయంకాలము ఒక యువకుడు గాని, యువతి గాని బల్లవద్ద కూర్చుండి, వచ్చిన వారి ఫోనులో టాక్‌బ్యాక్ తెఱచి, వ్రేలు పట్టి నేర్పవలెను. అట్లు నేర్పునపుడు వారి రహస్య సంఖ్య నడుగరాదు. గ్రంథాలయ ప్రకటనలను ఫోటోలుగా గాక అక్షరములుగా పంపవలెను. పంచాయతీ వారును, వ్యాపారులును ఆ పద్ధతినే అనుసరింపునట్లు కోరవలెను. ఈ రజతోత్సవ సంచికను యూనికోడ్‌లో కూర్చి, దాని ప్రతిని చదువరుల ఫోనులకు పంపవలెను.

ఈ నాలుగింటికిని పెద్ద ధనము అక్కఱలేదు. సంచిక వెలువడిననాడు పుట తిరుగవేయలేనివారును, పంక్తి చూడలేనివారును, ఎవరి సాయము నడుగక, తమ యింటి అరుగుపై కూర్చుండి ఈ ఊరి చరిత్రను మొదటినుండి తుదివరకు వినగలిగినచో, రజతోత్సవము సార్థకమైనట్లే.

స్వస్తి.