దారం జరిపితే పలికే గాంధారం

సంగీతంలో పట్టాలు పుచ్చుకున్న పిల్లలూ, వినండి.

నా ఉద్యోగమంతా బెజవాడ రేడియోలో రికార్డింగు గదిలోనే గడిచింది. అప్పట్లో డెల్టా పల్లెల్లో పొద్దున్నే రేడియోలో భక్తిరంజని మోగేది. అరుగు మీద పళ్లు తోముకుంటున్న రైతు మొదటి అక్షరానికే చెప్పేసేవాడు, ఇది ఓలేటి వారి గొంతు, అది బాలమురళి గొంతు అని. ఇద్దరూ అదే షడ్జం పట్టినా తికమకపడేవాడు కాదు. స్వరం వెంట పుట్టే అతిస్వరాల్లో ఏది ఎంత బలంగా ఉంది, నాదం ఎలా మొదలైంది అన్నవి చెవి క్షణంలో పోల్చుకుంటుంది. ఆ మొదలు ఎంత ముఖ్యమో చూపడానికి, టేపు మీద వీణ మీటు తొలి కొసను బ్లేడుతో కోసేసి, మిగిలిన నాదం కొత్తవాళ్లకు వినిపించేవాణ్ణి. అది వీణేనా అని సందేహపడేవారు.

ఇక నా దిగులు చెబుతాను. ఈమధ్య ఏ సాధన గదిలోకి తొంగిచూసినా ఫోనులో తంబుర! అంత చిన్న స్పీకరు మంద్ర షడ్జాన్ని ఎలా మోస్తుందర్రా? పై అతిస్వరాలను పట్టుకుని, లేని మంద్రాన్ని మీ చెవే పూరించుకుంటుంది. శ్రుతి కుదురుతుంది, కాదనను. నాదం మాత్రం మీ ఒంటికి తగలదు.

అసలు తంబుర ఒళ్లో పెట్టుకోండి. గుర్రం మీద, తీగ కింద జీవాళి దారాన్ని వెంట్రుకవాసి చొప్పున జరపండి. ముందు మొద్దుగా మోగుతుంది. ఇంకాస్త జరిపితే జుమ్మంటూ విచ్చుకుంటుంది. ఆ షడ్జం తీగలోంచే, ఎవరూ మీటని అంతర గాంధారం పైకి తేలుతుంది. విశాఖలో చదువుకున్న సి.వి. రామన్ 1921లో మన తంబుర, వీణల మీద రాసింది ఈ సంగతే. మీటిన చోటును బట్టి అసలు రాకూడని అతిస్వరాలు కూడా వీటిలో బలంగా పలుకుతున్నాయని చూపించారు. గుర్రం వంపును తీగ ఒరుసుకోవడమే అందుకు కారణం. తంబురలో ఆ ఒరిపిడిని సరిచేసేది మీ వేలి కింది దారమే. అది జరపడం రాకుండానే విద్వాంసులమంటారా? నాకు కోపం వస్తుంది, పిల్లలూ.

వీలైతే నూజివీడు వెళ్లండి. వీణ చేసేవాళ్ల పక్కన కూర్చుని, ఏ పనస చెక్క ఎలా పలుకుతుందో అడిగి వినండి.

ప్రిన్సిపాల్ గారూ, ఒక్క మనవి. ప్రతి గదిలో ఒక తంబుర, పక్కన ఒక దారపు ఉండ పెట్టించండి. పిల్లలు తీగలు తెంపుతారు, తెంపనివ్వండి. కొత్త తీగల ఖర్చు నాది.