దాచిన గాయం



బేతంచెర్ల అనగానే నాపబండ జ్ఞాపకం వస్తుంది. రాతిపని ఎరిగినవారు బండను సుత్తితో తట్టి చూస్తారు. గట్టి రాయి ఖంగున మ్రోగుతుంది. లోపల బీట ఉన్నచో మొద్దుగా పలుకుతుంది. కంటికి కనబడని బీటను వారి చెవి కనిపెడుతుంది. ఇంటిలో బిడ్డ విషయాన మనకు అంతటి శ్రద్ధ ఉన్నదా?

ఎండలు మండిపోతున్నా పొడుగు చేతుల చొక్కా విడువని కుర్రవాడు ఒకడున్నాడనుకొనండి. ఒకనాడు తల్లి ఆ చేతులు చూచినది. గాయాలు తాను చేసికొన్నవే. ఆమె నోట మొదట వెలువడే మాట “నొప్పిగా ఉన్నదా నాయనా” అని కాదు. “ఎవరైనా చూచినారా” అని. నలుగురూ పిచ్చివాడంటారు, చెల్లెలికి సంబంధం రాదు, పోలీసులు వస్తారు: ఇవీ ఆమె భయాలు. దిష్టి తీస్తారు, తాయెత్తు కడతారు. వైద్యుని వద్దకు పోయినా “జారిపడినాడు” అంటారు. వైద్యుడు ఆ మాటకే మందిస్తాడు. అసలు బాధ వారితోపాటే ఇంటికి తిరిగివస్తుంది.

తన్ను తాను గాయపరచుకొనే ప్రతివాడూ చావు కోరడు. భరింపరాని వ్యథను క్షణకాలం తట్టుకొనుటకు అదొక దారిగా కొందరికి తోస్తుంది. అది నటన కాదు, పొగరు కాదు. అట్లని ఉపేక్షింపదగినదీ కాదు. అట్టివారికి ఆత్మహత్యాపాయం తక్కినవారికన్న హెచ్చు. ఓర్పుతో మాట్లాడి చేసే చికిత్స వలన చాలమంది కోలుకొంటారు. దాచినంతకాలం ఆ చికిత్స దరి చేరదు.

పోలీసుల భయం నిష్కారణమైనది కాదు. 1860 నాటి శిక్షాస్మృతి 309వ సెక్షను ఆత్మహత్యాయత్నానికి ఏడాది వరకు ఖైదు విధించినది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ దృష్టిని మార్చినది: అట్టివారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లు భావించవలెను, శిక్షింపరాదు, చికిత్స చేయించుట ప్రభుత్వ బాధ్యత. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత సెక్షనే లేదు. చట్టం బెత్తం దించినది. మన నాలుక ఇంకా దించలేదు.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. మందలింపకండి, ఒట్టు వేయించుకొనకండి. ప్రక్కన కూర్చుండి, చెప్పినంత వినండి. పిదప వైద్యునికి ఉన్నది ఉన్నట్లు చెప్పండి. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో మానసిక వైద్య విభాగమున్నది. అంత దూరం పోలేనివారు 2022లో నెలకొల్పిన టెలిమానస్‌కు, 14416 నంబరుకు, రాత్రింబవళ్లు ఉచితంగా ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాట్లాడవచ్చును. బిడ్డ చావు మాట ఎత్తినా, గాయం పెద్దదైనా, ఒంటరిగా విడువక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపొండి.

రాయి పలుకు వినగల చెవులున్న ఊరు మనది. ఆ చెవిని ఇంటిలోని బిడ్డకు కూడ ఒగ్గుదము. సెలవు.