మోటారు యంత్రమునకు మరవ



చెరువు నిండినపుడు అధికమైన నీరు మరవమీదుగా వెడలిపోవును. మరవ పూడిన చెరువునకు కట్ట తెగు భయము తప్పదు. 2021 నవంబరు వర్షములకు తిరుపతి సమీపమునగల రాయలచెరువు కట్టనుండి నీరు ఊరుటయు, దిగువ గ్రామములవారిని ఇండ్లు విడిపించి సురక్షిత స్థలములకు చేర్చుటయు మీకు జ్ఞాపకముండును. నీటి ఒత్తిడివలె గాలికిని ఒత్తిడి కలదు. కొన్ని మోటారుబండ్లలో ఆ గాలికి మరవవలె ఉపకరించు కవాటమును గురించి నేడు చెప్పదలచితిని. దానిని బ్లో-ఆఫ్ వాల్వు అందురు.

కమ్మరి కొలిమిలో తిత్తి ఊదినకొలది నిప్పు రగులును. ఇంజనులోను అంతియే. ఎక్కువ గాలి చొప్పించినచో ఎక్కువ పెట్రోలు మండి ఎక్కువ బలము పుట్టును. ఈ ఉపాయమునకు జర్మనీ దేశీయుడగు గాట్‌లీబ్ డెయిమ్లరు 1885లోనే పేటెంటు పొందెను. ఇంజను తన బెల్టుతో త్రిప్పు ఊదుడుయంత్రమును సూపర్‌ఛార్జరు అనియు, ఇంజను విడుచు పొగ వేగముచే తిరుగుదానిని టర్బో అనియు వ్యవహరింతురు. తిరుమల ఘాటువంటి ఎక్కుడులలో ఇవి మిక్కిలి ఉపయోగము. సముద్రమట్టమునకు సుమారు 850 మీటర్ల ఎత్తున గాలి నూటికి ఎనిమిది పాళ్ళవరకు పలుచబడును. ఆ లోటును ఈ తిత్తి పూరించును.

ఇక చిక్కు ఎచ్చట? మలుపు రాగానే డ్రైవరు పాదము ఎత్తును. గాలిదారిలోని థ్రాటిల్ తలుపు మూసికొనును. ఊదుడుయంత్రము మాత్రము గాలిని నెట్టుచునే యుండును. నడుమ చిక్కిన గాలి వెనుకకు మరలి దాని రెక్కలపై కొట్టును. పలుమారు ఇట్లు జరిగినచో బేరింగులు అరుగును, గొట్టముల అతుకులు వదులగును.

కావున ఊదుడుయంత్రమునకును తలుపునకును నడుమ కవాటము నమర్తురు. కవాటము తలనుండి సన్నని రబ్బరు గొట్టమును తలుపునకు ఆవలి భాగమున కలుపవలెను. తలుపు మూసికొనగానే ఇంజను పీల్పుచే అచ్చట ఒత్తిడి తగ్గును. ఆ పీల్పు స్ప్రింగును లాగి కవాటమును తెరచును, చిక్కిన గాలి వెడలిపోవును.

పని చేయించువారు రెండు జాగ్రత్తలు పాటింపవలెను. గాలిగొట్టమునకు రంధ్రము చేయవలసివచ్చినచో దానిని బండినుండి ఊడదీసియే చేయవలెను. లోహపు రజను లోనికి పోయినచో ఇంజను గీచుకొనిపోవును. రెండవది, లోనికి వచ్చు గాలిని కొలుచు మీటరు కొన్ని బండ్లకు కలదు. కొలిచిన గాలిని బయటికి విడిచినచో, లేని గాలికిని పెట్రోలు పడును. నల్లని పొగయు, వృథా వ్యయమును కలుగును. అట్టి బండ్లలో ఆ గాలిని మీటరునకును ఊదుడుయంత్రమునకును నడుమ మరల కలుపవలెను.

ఈ కవాటము తెరచుకొనునపుడు బుస్సుమను చప్పుడగును. ఆ చప్పుడునకే ముచ్చటపడి యువకులు తమ బండ్లకు దీనిని తగిలింపగోరుచున్నారు. సాధారణముగా డీసెలు ఇంజను వేగము గాలి తలుపుతో గాక నూనె మోతాదుతో అదుపగును. అందు గాలికి అడ్డములేదు గనుక ఈ కవాటముతో పనిలేదు. ట్రాక్టరునకు దీనిని పెట్టుట నీరులేని చోట మరవ కట్టుటయే. టర్బోగల పెట్రోలు కార్లలో అనేకములకు కర్మాగారముననే ఇట్టిది అమర్చియుండును. క్రొత్తగ సూపర్‌ఛార్జరునే తగిలింప దలచువారు రిజిస్ట్రేషను వివరములకు భిన్నమైన మార్పులను 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను నిషేధించుచున్నదని గమనింపవలెను.

మీ పిల్లలు ఈ వస్తువునకు సొమ్మడిగినపుడు మూడు ప్రశ్నలు వేయుడు. బండి పెట్రోలుదా, డీసెలుదా? అట్టి కవాటము అందు మునుపే కలదా? వెడలిన గాలి ఎచ్చటికి పోవును? ఈ మూడింటికి సరియైన సమాధానము చెప్పగల మేస్త్రీకే బండి నప్పగింపుడు.