గోడమీది చరిత్ర
(వనపర్తి పఠనమందిరమున ఒక న్యాయవాది చేసిన ఉపన్యాసము)



ఐర్లండు దేశపు గోడబొమ్మలను గూర్చి ప్రసంగింపుమని నన్ను కోరితిరి. ఆ దేశముతో తెలుగువారికి పాత చుట్టరికమే కలదు. బరంపురపు యువకుడగు వరాహగిరి వెంకటగిరి 1913లో న్యాయశాస్త్రము చదువుటకై డబ్లిను నగరమునకు పోయెను. ఆ యేటనే అచ్చటి యజమానులు, సంఘమును విడువమన్న కార్మికులను సుమారు ఇరువదివేల మందిని పనులలోనికి రానీయక వాకిళ్లు మూసిరి. 1916 ఈస్టరు తిరుగుబాటు ముగిసిన పిమ్మట గిరిగారిని దేశము విడిచి పొమ్మని ప్రభుత్వ మాజ్ఞాపించెను. తిరిగివచ్చి వారు రైల్వే కార్మికులకు నాయకులైరి. 1969లో రాష్ట్రపతి యైరి. కోర్టు గుమ్మముకంటె సమ్మె శిబిరమునందే వారు ఎక్కువ న్యాయశాస్త్రము నేర్చిరని నా యభిప్రాయము.

ఆ తిరుగుబాటు నాయకులలో జేమ్సు కానలీ యొకడు. 1868లో ఎడింబరోనందు వలసవచ్చిన బీద ఐరిషు దంపతులకు పుట్టినవాడు. మన సురవరము ప్రతాపరెడ్డిగారు జన్మించిన 1896వ సంవత్సరముననే అతడు సోషలిస్టు రిపబ్లికను పార్టీని స్థాపించెను. గాయములచే నిలువజాలని అతనిని 1916 మే 12న కుర్చీకి కట్టి కాల్చిరి. నేడు బెల్ఫాస్టు నగరమున శ్రామికులు కాపురముండు వీథులలో ఇండ్ల పక్కగోడలపై అతని ముఖము కానవచ్చును.

అయితే ఆ పేటలందు బొమ్మలు విరివిగా వెలసినది 1981లో. ఆ యేట జైలులో నిరాహారదీక్ష పూని పదిమంది ఖైదీలు ప్రాణములు విడిచిరి. వారిలో మొదటివాడు బాబీ శాండ్సు; అతని దీక్ష అరువదియారు దినములు సాగినది. పత్రికలలో తమ మాటకు చోటు చాలనివారు తమ యింటిగోడనే పత్రిక చేసికొనిరి. ఫాల్సు రోడ్డునగల ఒక పొడవైన గోడపై అన్యదేశములవారికి గూడ చోటు దొరకినది; అమెరికా బానిసత్వమునుండి తప్పించుకొని వచ్చిన ఫ్రెడరికు డగ్లసు చిత్రము నచ్చట వ్రాసిరి.

ఇట్టి బొమ్మలు ద్వేషమును పెంచవా యని మీరడుగవచ్చును. పెంచును. రాజభక్తులగు ఎదుటి పక్షమువారు 1908 నాటినుండియే విలియమురాజు గుఱ్ఱమెక్కిన బొమ్మను తమ గోడలపై వ్రాసికొనుచు వచ్చిరి. ఇరుపక్షములవారును తుపాకులు పట్టిన ముసుగు మనుష్యులను వ్రాసిన దినములు కలవు. పసిపిల్లలు బడికి పోవు దారిలో అది మంచి చదువు కాదు.

డెరీ పట్టణమున ముగ్గురు చిత్రకారులు వేరుదారి త్రొక్కిరి. 1971లో సైనికుల కాల్పులకు బలియైన పదునాలుగేండ్ల బాలికను బడిదుస్తులలో నిలిపి, ప్రక్కన నొక తుపాకిని, పైన నొక సీతాకోకచిలుకను వ్రాసిరి. చిలుకకు మాత్రము రంగు వేయలేదు. శాంతి నిలుచునని నమ్మకము కలిగినపుడు పూర్తిచేయుద మనుకొనిరి. 1998లో ఒడంబడిక కుదిరినను వారు తొందరపడలేదు. 2006లో తుపాకిని రెండుగా విరిచి వ్రాసి, చిలుకకు రంగులద్దిరి. అన్నియేండ్లు ఆ వీథివారు అసంపూర్ణమైన బొమ్మను చూచుచు నడచిరి. నేను విన్న వానిలో నిదియే గొప్ప బొమ్మ.

ఇక మన సంగతి. గద్వాల, వనపర్తి సంస్థానములందు రాజుల పేర్లును, వారి యాస్థాన కవుల పేర్లును విననివాడు లేడు. మంచిదే. కాని 1947 అక్టోబరులో అప్పంపల్లియందు నిజాము పోలీసుల తుపాకులకు నేలకొరగిన రైతుల పేర్లు మన పిల్లలలో నెందరు చెప్పగలరు? నాగరుకర్నూలు అంగడివీథిలో గోడలకు కొదువలేదు. వానిపై సిమెంటు ప్రకటనలును, ఎన్నికల గుర్తులును కలవు. ఫ్లెక్సీలు వచ్చిన పిదప పనిలేక కూర్చున్న బోర్డుల చిత్రకారులును మూడు పట్టణములందు కలరు. గోడ యున్నది, చేయి యున్నది, పేర్లే కరవైనవి.

కావున ముందుగా ఆ కుటుంబములవారిని కలిసి పేర్లు సరిచూచుకొందము. గోడలను వికృతము చేయరాదను 1997 నాటి చట్టము కలదు గనుక, గోడ యజమాని యనుమతిని వ్రాతమూలముగ పొందవలెను. కోటగోడల జోలికి పోరాదు. అవియే చరిత్ర, వానిపై మరల చరిత్ర వ్రాయుట మూర్ఖత. బొమ్మలో తుపాకి యుండవలెనా వలదా యనునది చచ్చినవారి యింటివారు చెప్పవలసిన మాట, మనము చెప్పరాదు.

సున్నము, రంగులు, నిచ్చెన, చిత్రకారుని కూలి, వీని నిమిత్తము చందాల పుస్తకమును ఈ బల్లపై నుంచితిమి. ఎవరి పేరున వారు వ్రాయవచ్చును. ఏ పార్టీ పేరున వచ్చిన చందాను మాత్రము పుచ్చుకొనము.