సుందరయ్యను తలుచుకోవడమంటే
(మే 19 వర్ధంతి సభలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ రోజున మనం పుచ్చలపల్లి సుందరయ్య గారి పటానికి దండ వేస్తున్నాం. దండ వాడిపోయేలోగా ఆయన జీవితం నుంచి మనకు తగిలే మాట ఒకటి చెప్పుకుందాం.

ఆయన 1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూములున్న కుటుంబంలో పుట్టారు. పేరు చివర ఉన్న రెడ్డిని తీసేసుకున్నారు. 1930లో చదువు వదిలి ఉప్పు సత్యాగ్రహంలోకి దూకి జైలుకెళ్లారు. బయటికొచ్చాక సొంత ఊళ్లోనే వ్యవసాయ కూలీలను సంఘంగా కూడగట్టారు. కూలి పెంచమని అడిగేది ఎవరిని? తన బంధువులను, తనవాళ్లను. పోరాటం ఇంటి గడప దగ్గరే మొదలైంది. తన వాటా ఆస్తిని ఉద్యమానికి ఇచ్చేశారు.

1952లో రాజ్యసభకు వెళ్లారు. 1955 ఎన్నికల్లో ఆంధ్ర శాసనసభలోని 196 స్థానాల్లో కమ్యూనిస్టు పార్టీకి దక్కినవి 15 మాత్రమే. అంత ఎదురుగాలిలోనూ గన్నవరం రైతులు, కూలీలు ఆయన్ను గెలిపించారు. 1962లో, 1978లో మళ్లీ గెలిపించారు. చట్టసభకు సైకిల్ మీద వెళ్లిన మనిషి ఆయన. సాగునీటి లెక్కలు, భూమి లెక్కలు చదువుకుని సభలో మాట్లాడేవారు. 1985 మే 19న కన్నుమూసే నాటికి వెనకేసుకున్న ఆస్తి లేదు.

ఇదంతా మనకు తెలిసిందే. ఇప్పుడు మన గడప సంగతి చూద్దాం.

కౌలు రైతుల కోసం 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. కొత్త చట్టం ప్రకారం 11 నెలలకు సాగుదారు కార్డు ఇస్తారు. దాంతో భూమి మీద హక్కేమీ రాదు. పంట రుణానికి, బీమాకు, నష్టపరిహారానికి మాత్రం ఆధారం అవుతుంది. అయితే కార్డు రావాలంటే భూ యజమాని సంతకం పెట్టాలి. చిక్కంతా అక్కడే ఉంది.

కార్డుల కోసం మనం ధర్నాలు చేశాం, వినతిపత్రాలిచ్చాం. కానీ మన సభ్యుల్లోనే ఎకరమో రెండెకరాలో కౌలుకిచ్చినవాళ్లు ఉన్నారు. ముందుగా కౌలు తీసుకుని, సంతకం అడిగితే "చూద్దాంలేవయ్యా" అని దాటేసినవాళ్లూ ఉన్నారు. భూమి పోతుందేమోనన్న భయం మనకూ ఉంది. చట్టంలో అందుకు తావు లేదని తెలిసినా ఆ భయం వదలడం లేదు. తుపాను వచ్చి పంట మునిగితే పరిహారం పట్టా ఉన్న మనకు పడుతుంది. అప్పు మాత్రం దున్నినవాడి నెత్తిన మిగులుతుంది. ఆ ఇంట్లో జరగరానిది జరిగాక మనమే పరామర్శకు వెళతాం. ఏ ముఖం పెట్టుకుని వెళతాం?

అందుకే ఖరీఫ్ నాట్లకు ముందే భూమి కౌలుకిచ్చిన ప్రతి సభ్యుడూ తన కౌలుదారుకు సంతకం పెట్టాలని కోరుతున్నాం. గ్రామ కమిటీలు ఎవరు పెట్టారో, ఎవరు పెట్టలేదో రాసుకుని వచ్చే సమావేశంలో చదవాలి. కమిటీ సభ్యులే ముందు పెట్టాలి. యజమాని సంతకం లేకుండానే కార్డు ఇచ్చేలా చట్టం మార్చాలన్న మన డిమాండ్ అలాగే ఉంటుంది. మనం సంతకం పెట్టి అడిగితే ఆ డిమాండ్‌కు బలం వస్తుంది.

సుందరయ్య తన ఇంటివాళ్లనే కూలి పెంచమని అడిగారు. మనల్ని మనం ఒక్క సంతకం అడుగుదాం.