గ్రహణం తప్పు కాదు

నేను జీవశాస్త్రం చదివినవాణ్ణి కాను. సౌదీలోని జుబైల్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. ఈ నాలుగు ముక్కలూ నాకు నేర్పినవి మా అబ్బాయి చేతులు.

2020 మే నెలలో వాడు పుట్టినప్పుడు రెండు చేతుల్లోనూ మధ్యవేలు, ఉంగరపు వేలు అతుక్కుని, మధ్యలో ఇంకో వేలు ఉంది. ఊరికి ఫోను చేస్తే మా అమ్మ అడిగిన మొదటి మాట, "గ్రహణం పూట అమ్మాయి కూరలు తరిగిందా?" అని. 2019 డిసెంబరు 26న జుబైల్‌లో గ్రహణంతోనే తెల్లవారింది. "తరిగాను" అంటూ మా ఆవిడ ఏడ్చింది.

జన్యుపరీక్షలో లోపం హాక్స్ డి13 అనే జన్యువులో ఉందని తేలింది. మనిషికి హాక్స్ జన్యువులు 39. పిండం పెరిగేటప్పుడు ఇవి తయారుచేయించే ప్రోటీన్లు డీఎన్ఏను పట్టుకుని ఇతర జన్యువులను ఆన్, ఆఫ్ చేస్తాయి. చిత్రమేమిటంటే, పట్టుకునే భాగం అన్నిటికీ దాదాపు ఒకటే, 60 అమైనో ఆమ్లాల ముక్క. మరి పనులు వేరెలా అవుతాయి? తోడుండే ప్రోటీన్లను బట్టి, చోటును బట్టి, వేళను బట్టి. పండ్ల ఈగలో ఇలాంటిదే అల్ట్రాబైథొరాక్స్. అది సరిగా పనిచేయకపోతే రెండు రెక్కల ఈగకు నాలుగు రెక్కలొస్తాయి. దాని మీద మన హైదరాబాదు సీసీఎంబీలో ఎల్.ఎస్. శశిధర గారి బృందం పరిశోధనలు చేసింది.

హాక్స్ డి13 వేళ్ళ దగ్గర పనిచేస్తుంది. దాని ప్రోటీన్‌లో అలనిన్ అనే అమైనో ఆమ్లం వరుసగా 15 సార్లు ఉండాలి. మా వాడికి 22 ఉన్నాయి. ఈ లోపానికీ అతుకు వేళ్ళకూ సంబంధం ఉందని 1996లోనే తేలింది.

ఇక లెక్క చూడండి. బిడ్డ వేళ్ళు విడివడేది ఎనిమిదో వారం లోపే. గ్రహణం వచ్చింది మా ఆవిడకు అయిదో నెలలో!

మరి ఎక్కణ్ణించి వచ్చింది? డాక్టరుగారు నన్ను బూట్లు విప్పమన్నారు. నా కాలి చివరి రెండు వేళ్ళూ పుట్టుక నుంచీ అతుక్కునే ఉన్నాయి. నాకూ పరీక్ష చేస్తే అదే 22. ఒకే లోపం ఒకరిలో కొంచెంగా, ఒకరిలో ఎక్కువగా బయటపడుతుందట. ఇది ఒక్కో బిడ్డకూ సంక్రమించే అవకాశం సగానికి సగం.

ఆ రాత్రే అమ్మకు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత, "మీ తాతగారి కాలూ అంతేరా. ఫోను అమ్మాయికివ్వు" అంది.

ఆపరేషన్ తరవాత మా వాడు ఇప్పుడు చక్కగా పెన్సిలు పట్టుకుంటున్నాడు. మీ ఇళ్ళల్లో ఎప్పుడైనా ఇలాంటి బిడ్డ పుడితే, తల్లిని నిలదీసే ముందు మన కాళ్ళు మనం చూసుకుందాం.