ఏ జబ్బు అనే కాదు, ఎన్నో నెల అని కూడా అడగాలి



దిల్‌సుఖ్‌నగర్ మొదలు ఎల్.బి.నగర్ దాకా మన ఇళ్ళలో ఏటా ఎక్కడో ఒకచోట సీమంతమో, పురిటికి వచ్చిన కూతురో ఉంటూనే ఉంటుంది. అందుకే ఆరోగ్యశాఖలో పనిచేసి రిటైరైన నేను ఈ నాలుగు మాటలు చెప్పదలచాను. గర్భిణికి వైరస్ సోకినప్పుడు కలిగే హాని, అది సోకిన నెలను బట్టి మారుతుంది.

1941లో సిడ్నీ కంటి వైద్యుడు నార్మన్ గ్రెగ్, శుక్లాలతో పుట్టిన పసివాళ్ళను చూసి తల్లులను విచారించాడు. చాలామందికి తొలి నెలల్లో రుబెల్లా వచ్చిపోయింది. తల్లికి అది ఒంటిమీద సన్నని దద్దుర్లు, స్వల్ప జ్వరం మాత్రమే. మొదటి మూడు నెలల్లో వస్తే బిడ్డ గుండె, కన్ను, చెవి దెబ్బతినవచ్చు. అయిదు నెలలు దాటాక ఆ ముప్పు చాలా అరుదు.

ఆటలమ్మ తీరు వేరు. మొదటి 20 వారాల్లో బిడ్డకు లోపాలు కలిగే ప్రమాదం ఉన్నా స్వల్పమే. కాన్పుకు అయిదు రోజుల ముందు నుంచి రెండు రోజుల తర్వాత వరకు తల్లికి పొక్కులు వస్తే మాత్రం పసిబిడ్డకు ప్రాణాపాయం. తల్లి రక్షణశక్తి బిడ్డకు చేరే వ్యవధి ఉండదు. మన వయసువారికి వచ్చే సర్పి కూడా ఈ వైరస్‌దే. కాబట్టి పొక్కులు మానేదాకా మనం దూరంగా ఉండాలి.

కలుషితమైన నీటివల్ల వచ్చే హెపటైటిస్-ఇ కామెర్లు చివరి మూడు నెలల్లో సోకితే నూటికి ఇరవైమంది తల్లులు కూడా చనిపోవచ్చు. మన ఆచారం ప్రకారం కూతురు పుట్టింటికి వచ్చేది సరిగ్గా అప్పుడే. 2005లో హైదరాబాదులో నీటి ద్వారా ఈ జబ్బు ప్రబలింది. 2020 అక్టోబరులో సరూర్‌నగర్, గడ్డిఅన్నారం కాలనీలు మునగడం మనం చూశాం. అటువంటప్పుడు సంపు కడిగించాలి, నీళ్ళు మరగకాచాలి. కామెర్లు కనిపిస్తే పసరు మందులతో కాలయాపన చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

2017 ఆగస్టులో మన రాష్ట్రంలో తట్టు-రుబెల్లా టీకా 15 ఏళ్ళలోపు పిల్లలకు వేశారు. అప్పటికి ఆ వయసు దాటిన ఆడపిల్లలు ఎందరో నేడు తల్లులవుతున్నారు. పెళ్ళికి ముందే డాక్టరును అడిగి వేయించండి. గర్భం వచ్చాక ఆ టీకా వేయకూడదు. వేయించుకున్నాక నెలరోజులు గర్భం రాకుండా చూసుకోవాలి.

మనం డి.ఏ. బకాయిలను తేదీలతో సహా చెప్పగలం. ఇంట్లో గర్భిణికి జ్వరం వచ్చిన తేదీ, ఎన్నో వారమన్నది కూడా అంత శ్రద్ధగా రాసిపెట్టి డాక్టరుకు చెబుదాం.